మాత్ర పనిచేస్తున్నప్పుడు జబ్బు పేరుతో పనేంటి?

గోదారిగట్టు: మావాడికి పద్నాలుగేళ్లు. క్లాసులో పేరు పిలవగానే గబుక్కున లేస్తాడు, అంతే, ఎడమ చెయ్యి మెలితిరిగి మూతి వంకర పోతుంది. పది పదిహేను సెకన్లు. స్పృహ తప్పదు, "వస్తోంది నాన్నా" అని ముందే చెప్తాడు కూడా. పీఈటీ సారు నాటకాలన్నారు. మొదటి డాక్టరు ఫిట్స్ అని వాల్‌ప్రోయేట్ రాశారు, ఆరు నెలలు వాడినా తేడా లేదు. రెండో ఆయన కుర్చీలో కూర్చోబెట్టి, "లేచి తలుపు దాకా పరిగెత్తు" అన్నారు. ఆయన కళ్లముందే వచ్చింది. ఇది పీకేడీ, అంటే పరాక్సిస్మల్ కైనెసిజెనిక్ డిస్కైనీసియా, గబుక్కున కదిలితే కాసేపు ఒళ్లు మెలితిరిగే జబ్బు అని చెప్పి, రాత్రిపూట కార్బమాజెపైన్ 100 మిల్లీగ్రాములు ఇచ్చారు. మూడో రోజు నుంచి ఒక్కసారీ రాలేదు. జీన్ టెస్టు కూడా చేయిస్తే మంచిదన్నారు. మా బావమరిదేమో "అదీ ఫిట్స్ మాత్రేగా, తగ్గింది కదా, పేరుతో పనేంటి?" అంటున్నాడు.

పప్పుచారు: మీ బావమరిది మాటే నాదీ. గబుక్కున కదిలితే రావడం, నిమిషంలోపే పోవడం, స్పృహ ఉండటం, చిన్న డోసుకే తగ్గడం. ఇన్ని కలిశాక వేలు పోసి జీన్ టెస్టెందుకు?

నైట్‌డ్యూటీ: న్యూరో వార్డులో పనిచేస్తాను. టెస్టు సంగతి తర్వాత, పేరుతో పని లేదంటే మాత్రం ఒప్పుకోను. ఫిట్సూ ఈ మాత్రకే తగ్గుతాయి కాబట్టి తగ్గడమొక్కటే రుజువు కాదు. పీకేడీకి చాలామందికి రోజుకి 50 నుంచి 200 మిల్లీగ్రాములు సరిపోతుంది. ఫిట్స్‌కైతే పెద్దవాళ్లకి 800, ఆ పైకి కూడా వెళ్తారు. ఒకసారి ఫిట్స్ అని రాశాక లైసెన్సు దరఖాస్తులోనూ, పెళ్లి సంబంధంలోనూ అదే వెంటాడుతుంది.

పప్పుచారు: జీన్‌లోనే లోపం అని తేలితే పెళ్లివాళ్లు ఊరుకుంటారా?

నైట్‌డ్యూటీ: అదీ నిజమే. ఆ డబ్బు ఉంటే ముందు హెచ్ఎల్ఏ-బి 1502 అనే జీన్ రకం ఉందేమో చూసే రక్తపరీక్షకి పెట్టమంటాను, అసలు మాత్ర మొదలుపెట్టక ముందే చేయించాల్సింది. ఆ రకం ఉన్నవాళ్లలో కొందరికి ఈ మందుతో ఒళ్లంతా బొబ్బలెక్కి చర్మం ఊడిపోతుంది, ఆసియావాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. మొదటి రెండు మూడు నెలల్లో దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇంకోటి, బాబుకి ఏడాది వయసు నిండకముందు ఫిట్స్ వచ్చాయా? పీఆర్‌ఆర్‌టీ2 అనే జీన్‌లో మార్పు ఉంటే, పసితనంలో ఫిట్సూ పెద్దయ్యాక ఈ మెలికలూ ఒకే ఇంట్లో కనిపిస్తాయి.

గోదారిగట్టు: ఆరో నెలలో రెండుసార్లు వచ్చాయండీ, జ్వరం లేకుండానే. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. "నీకూ టెన్త్‌లో బస్సు దిగబోతే కాలు మెలితిరిగేది కదరా, తాయెత్తు కట్టించాం" అంది. మర్చేపోయాను. స్టాపు రాకముందే నెమ్మదిగా లేచి, రాడ్ పట్టుకుని కాసేపు నిలబడి దిగేవాణ్ణి. ముప్పై వచ్చేసరికి ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు. పప్పుచారు గారూ, ఇప్పుడు టెస్టు మావాడికా, నాకా?