సైకిల్ తొక్కి కరెంటు తీసి 8వ తరగతి పిల్లలకి చూపిస్తున్నా, రెండు ఇబ్బందులొచ్చాయి, సలహా చెప్పండి

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక స్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. మా పిల్లలు వాట్ అంటే డెఫినిషన్ గడగడా అప్పజెప్తారు కానీ 40 వాట్లంటే ఎంత కష్టమో ఒక్కళ్ళకీ తెలీదు, అందుకని జుమ్మేరాత్ బజార్లో పాత సైకిల్ కొని, వెనక చక్రం లేపి స్టాండు వేయించి, 24 వోల్టుల 250 వాట్ల డీసీ మోటార్ని రోలర్‌తో టైరుకి ఆనించాను. 12 వోల్టుల బల్బు వెలిగింది, పిల్లలు ఒకటే కేకలు, పోటీపడి ఒకడు ఫాస్ట్‌గా తొక్కేసరికి బల్బు టప్పుమని మాడిపోయింది. ఇంకోరోజు బ్యాటరీ తగిలిస్తే ఎవరూ తొక్కకుండానే చక్రం తిరగడం మొదలుపెట్టింది, పెడల్స్ మాత్రం కదల్లేదు, ఆ పక్కనే ఒకమ్మాయి చున్నీ వేలాడుతోంది, నాకు గుండె ఆగినంత పనైంది. అప్పట్నుంచి సైకిల్ బయటికి తియ్యలేదు.

జవాబు 1
సార్, మోటారూ జనరేటరూ ఒకటే మిషన్. మీరు తిప్పితే కరెంటు ఇస్తుంది, కరెంటు ఇస్తే అదే తిరుగుతుంది, బ్యాటరీ పెట్టగానే జరిగింది ఇదే. బ్యాటరీకీ మోటారుకీ మధ్య ఒక 20 ఆంప్స్ డయోడ్ వెయ్యండి, కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, కరెంటు బ్యాటరీ వైపే పోతుంది వెనక్కి రాదు. బల్బు మాడింది వోల్టేజి వల్ల, స్పీడు పెరిగితే అదీ పెరుగుతుంది. కారు బ్రేక్ లైట్ బల్బులు, 12 వోల్టుల 21 వాట్లవి, రెండేసి సిరీస్‌లో కలపండి. ఎల్ఈడీ పెట్టాలంటే మధ్యలో వోల్టేజిని తగ్గించి నిలకడగా ఉంచే బక్ కన్వర్టర్ ఉండాల్సిందే. అన్నిటికంటే ముందు చక్రానికి, రోలర్‌కి రేకు కవర్ చేయించండి, చున్నీలు ముడి వేయించండి.

జవాబు 2
బల్బు ఎలిగిందని చూపిస్తే అయిపోదు అన్నా. పిల్లగాన్ని కండ్లు మూసుకొని తొక్కమను, నువ్వు చప్పుడు గాకుండ బల్బు స్విచ్చి ఎయ్యి. మా బడిల ఒక పిల్ల గట్లనే తొక్కుతుంటే స్విచ్చి ఏసిన, ఎంటనే "సార్, ఎవలో బ్రేకు పట్టిండ్రు" అన్నది. లోడ్ పడంగనే పెడలు బరువైతది, కాయిల్ల కరెంటు పారితే అది తిప్పుడుకు అడ్డం తిరుగుతది. గిదే లెంజ్ నియమం, నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా పిల్లలకు ఎక్కలె, ఆ రోజు కాళ్ళకు తెలిసింది.

జవాబు 3
నేను చాయ్‌తో చెప్తాను. 150 మిల్లీలీటర్ల నీళ్ళని 25 డిగ్రీల నుంచి 100కి తేవాలంటే దాదాపు 47 వేల జౌళ్ళు, పిల్లాడు 50 వాట్లు ఇస్తే సెకనుకి 50 జౌళ్ళు, అంటే వేడి ఎక్కడా వృథా కాకపోయినా ఒక్క కప్పుకి 16 నిమిషాలు తొక్కాలి. ఒక యూనిట్ కరెంటు, అంటే వెయ్యి వాట్లు గంటసేపు, కావాలంటే 20 గంటలు. ఈ లెక్క పిల్లలతోనే వేయించండి, ఆ తర్వాత ఇంటి బిల్లు తెమ్మనండి.

అడిగినవాణ్ణే
ముగ్గురికీ చాలా థాంక్స్. డయోడ్, బల్బులు రేపే తెస్తా, కానీ రేకు కవర్ పడేదాకా పిల్లల్ని ఎక్కనివ్వను. కళ్ళు మూసుకుని తొక్కేది ముందు నేనే చేసి చూస్తా.