పెడల్ వేగంగా తిప్పితే ఆయాసం, మెల్లగా తిప్పితే మోకాలి నొప్పి: ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నా వయసు 43. ఆరు నెలలుగా పొద్దున్నే హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ ప్యానెళ్ల పైకప్పు ఉన్న ట్రాక్ మీద సైకిల్ తొక్కుతున్నాను.

నాకు మొదట్నుంచీ బరువైన గేరులో నిదానంగా తొక్కడం అలవాటు. మొన్న ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, కుడికాలు కిందికొచ్చిన ప్రతిసారీ లెక్కపెట్టాను. 15 సెకన్లకు 15, అంటే నిమిషానికి 60. ఊపిరి హాయిగానే ఉంటుంది కానీ, 20 కిలోమీటర్లు దాటేసరికి మోకాలిచిప్ప కింద సన్నగా పోటు మొదలవుతుంది. ఇంటికొచ్చాక మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సిందే.

ట్రాక్ మీద పరిచయమైన ఒకాయన 80-90 మధ్య తిప్పమన్నారు. గేరు తేలిక చేసి అదే స్పీడులో ఎక్కువసార్లు తిప్పితే ఒక్కో తొక్కుకి మోకాలి మీద పడే బలం తగ్గుతుందట, బదులుగా గుండె, ఊపిరితిత్తులు ఎక్కువ పనిచేయాలట. సబబుగానే అనిపించింది. కానీ 85 దగ్గరికొచ్చేసరికి సీటు మీద ఎగిరెగిరి పడుతున్నాను. పది నిమిషాలకే మాట రానంత ఆయాసం.

వారానికి ఐదు చొప్పున పెంచుకుంటూ పోతే అలవాటవుతుందా? పెడల్ అడుగున ఉన్నప్పుడు నా మోకాలు దాదాపు నిటారుగా అయిపోతోంది. ఎగరడానికి సీటు ఎత్తే కారణమా? శ్రమను హార్ట్ రేట్‌తో కొలుచుకోవాలా, లేక పక్కవాళ్లతో మాట్లాడగలిగేలా తొక్కితే సరిపోతుందా?

డిసెంబరులో వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల దాకా వెళ్లాలని చాలా ఆశ. నా సైకిల్‌కి ముందు గేరు చక్రానికి 48 పళ్లు, వెనక గేరు చక్రాల్లో పెద్దదానికి 28. ఆ ఎత్తుకి ఈ గేరు చాలుతుందా? అక్కడ తొక్కినవాళ్లు దయచేసి చెప్పండి.