గుంటల మోడల్: రెసిడ్యువల్స్ బాక్స్ ప్లాట్‌లో నీళ్ళ తేడా కనపడలా, ఎందుకని?

ప్రశ్న (ఇందుకూరుపేట నుంచి):
అన్నా, మా పక్క వెనామీ రొయ్యల గుంటల డేటాతో రొయ్య బరువు అంచనా వేసే ఒక మోడల్ కట్టా. వారం వారం విసురువలేసి తీసిన సగటు బరువు, గుంటకి ఎన్నో రోజు, సెలినిటీ (నీళ్ళ ఉప్పదనం), మేత అన్నీ ఉన్నాయి, గుంటని ర్యాండమ్ ఎఫెక్ట్‌గా (అంటే ఒక్కో గుంటకి సగటు నుంచి తన సొంత తేడా ఉండేట్టు) పెట్టా, ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ఎల్ఎమ్ఈ ప్యాకేజీ. మొత్తం 24 గుంటలు, 9 బోరు నీళ్ళవి, మిగతావి ఉప్పుటేరువి, ఈ నీళ్ళ రకం మాత్రం మోడల్లో పెట్టలా. బోరు గుంటల్లో రొయ్య ఎదగదని ఇక్కడ రైతులంతా అంటారు గానీ, రెసిడ్యువల్స్‌ని (అసలు బరువుకీ మోడల్ అంచనాకీ మధ్య తేడాల్ని) నీళ్ళ రకం వారీగా బాక్స్ ప్లాట్ (మధ్య సగం విలువల్ని పెట్టెగా చూపే బొమ్మ) వేస్తే రెండు పెట్టెలూ సున్నా మీదే ఉన్నాయి. తేడా లేదనేనా? ఇంకోటి, సెలినిటీ అంకె కదా, దానికి బాక్స్ ప్లాట్ ఎట్టా వేయాలి?

జవాబు (కావలి):
సెలినిటీని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి రెసిడ్యువల్స్ పెట్టె ఒకటి వెయ్యి తమ్ముడూ. సమాన వెడల్పుతో కోస్తే చివరి ముక్కలో నాలుగు చుక్కలే మిగిలి పెట్టె అబద్ధం చెప్తది, అందుకే క్వాంటైల్స్ దగ్గర కోసి ఒక్కో ముక్కలో దాదాపు ఒకే సంఖ్య ఉండేట్టు చూడు. మీడియన్లు (పెట్టెల్లో మధ్య గీతలు) వంపు తిరిగితే సెలినిటీకి సరళరేఖ చాలదని, పెట్టెల ఎత్తు పెరుగుతా పోతే వేరియన్స్ (విలువలు ఎంత చెదిరున్నాయనే కొలత) సమానంగా లేదని.

జవాబు (ఒంగోలు):
అసలు సంగతి మొదటి ప్రశ్నలో ఉంది. నీళ్ళ రకం గుంట గుంటకీ మారుతుంది, ఒక గుంటలో వారం వారం మారదు. అట్టాంటి తేడాని గుంట ర్యాండమ్ ఎఫెక్టే మింగేస్తుంది, మిగిలిన రెసిడ్యువల్స్ ప్రతి గుంటలోనూ సున్నా చుట్టూనే తిరుగుతాయి, కాబట్టి నువ్వు చూసిన ప్లాట్‌తో తేడా లేదని చెప్పలేం. ర్యాన్‌ఎఫ్ (ranef) ఫంక్షన్‌తో ర్యాండమ్ ఎఫెక్ట్స్ బయటికి తీసి వాటిని నీళ్ళ రకం వారీగా బాక్స్ ప్లాట్ వెయ్యి. గుంటకి ఒక్క విలువే గనక బోరు పెట్టెలో ఉండేది తొమ్మిది చుక్కలే, ఆ చుక్కల్ని కూడా పెట్టె మీద చూపించు. సెలినిటీ, మేత లాంటివి వారం వారం మారతాయి కాబట్టి వాటికి రెసిడ్యువల్స్ ప్లాటే సరి.

ప్రశ్న వేసినాయన:
వేశానన్నా! బోరు పెట్టె సున్నాకి బాగా కిందుంది, రెండు గుంటలు తప్ప అన్నీ కిందే. రైతుల మాట డేటాలో ఉండాది.

జవాబు (ఒంగోలు):
సంతోషం. ఒకటి గుర్తుపెట్టుకో, ర్యాండమ్ ఎఫెక్ట్స్ సున్నా వైపు కుంచించుకుని ఉంటాయి, అసలు తేడా ఆ ప్లాట్‌లో కనపడేదానికన్నా ఎక్కువే ఉండొచ్చు. నీళ్ళ రకాన్ని ఫిక్స్‌డ్ ఎఫెక్ట్‌గా (మేత, సెలినిటీ లాగా గుంటలన్నిటికీ ఒకే లెక్కతో) పెట్టి మళ్ళీ కట్టు, గుంటల మధ్య వేరియన్స్ ఎంత తగ్గిందో చూడు. బోరు గుంటల్లో సెలినిటీ కూడా తక్కువుంటే రెండిట్నీ విడదీయడం కష్టం, ముందు సెలినిటీనే నీళ్ళ రకం వారీగా ఒక బాక్స్ ప్లాట్ వేసి ఇక్కడ పెట్టు.