సిగరెట్ బ్యాన్ మీద సర్వే చేస్తున్నా, ప్రశ్న ఎలా అడగాలో కాస్త చెప్పండి

అందరికీ నమస్తే, చిన్న హెల్ప్ కావాలండి. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం బ్యాన్ చెయ్యాలా వద్దా అని కాలేజీ ప్రాజెక్ట్ కోసం జనాన్ని అడుగుతున్నా, మొదటి రోజే బుర్ర తిరిగిపోయింది. "బ్యాన్ చెయ్యాలా" అంటే దాదాపు అందరూ చెయ్యాల్సిందే అన్నారు, అదే "తాగితే ఫైన్ వెయ్యాలా" అనేసరికి చాలామంది నసిగారు. ఒకాయనైతే చేతిలో సిగరెట్ వెలుగుతుండగానే "కచ్చితంగా బ్యాన్ చెయ్యాలండీ" అన్నాడు, బూడిద నా పేపర్ మీదే రాలింది. ఇది ఏ కాలమ్‌లో రాయాలి చెప్పండి!

ఐర్లాండ్‌లో 2004లోనే పబ్బులతో సహా పని చేసే చోట్ల లోపల బ్యాన్ పెట్టేశారు, అది చెప్పాలా? పక్కవాళ్లు వదిలే పొగలో వేల రసాయనాలుంటాయి, కిటికీ తీసినా పూర్తిగా పోదు, కానీ ఇవన్నీ ముందే చెప్పి అడిగితే జవాబు మనమే నోట్లో పెట్టినట్టు ఉంటుందేమో అని డౌట్. మూసిన గదులు, బస్టాపులు, పార్కులు విడివిడిగా అడగాలా? తాగేవాళ్లని, తాగనివాళ్లని వేరేగా లెక్కెయ్యాలా? ఎవరైనా ఇలాంటి సర్వే చేసుంటే చెప్పండి ప్లీజ్, సోమవారానికి ఇచ్చెయ్యాలి.