ఊళ్ళో హెచ్‌ఐవీ పరీక్షల క్యాంపు పెట్టాలా, వద్దా?

కదిరి_టు_మారతహళ్లి:

అందరికీ నమస్కారం. మాది కదిరి నుంచి ఇంకా ముప్పై కిలోమీటర్లు లోపలికి. రోజుకి రెండు బస్సులు. సాయంత్రం బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. మా చుట్టుపక్కల నాలుగూళ్ళ వాళ్ళం బెంగళూరులో ఓ యాభై మందిమి ఉంటాం. నాలాంటి వాళ్ళు కొందరు సాఫ్ట్‌వేర్, కొందరు క్యాబ్ డ్రైవర్లు. ఎక్కువమంది సర్జాపూర్ రోడ్డులో బిల్డింగ్ పనులు చేసుకుంటూ రేకుల షెడ్లలో ఉంటారు.

పోయిన నెల మావాడొకడు చనిపోయాడు. ముప్పై నాలుగేళ్ళు. ఆరు నెలలు దగ్గుతూనే పనికి వెళ్ళాడు. షెడ్డు దగ్గరి క్లినిక్‌లో ఒకసారి ఇంజెక్షన్, ఒకసారి సిరప్. మనిషి సగమయ్యాక పెద్దాసుపత్రికి తీసుకెళ్తే టీబీ అన్నారు, రెండ్రోజులకి హెచ్‌ఐవీ కూడా ఉందన్నారు. పదమూడో రోజు పోయాడు. శవాన్ని ఊరికి తీసుకెళ్ళిన బండిలో నేనూ ఉన్నాను. వాళ్ళావిడ "ఏం జబ్బన్నా?" అని అడిగితే "టీబీ అమ్మా" అన్నాను. అంతకుమించి నోరు రాలేదు. ఆ అమ్మాయికి పరీక్ష చేయించాలి. చెప్పేదెవరో తేలక ఇరవై రోజులైంది.

అందరం కలిసి అరవై వేలు పోగేశాం. సంక్రాంతికి అందరూ ఊరికొస్తారు. బడి ఆవరణలో షామియానా వేసి, కంటి క్యాంపు పెట్టినట్టే హెచ్‌ఐవీ పరీక్షల క్యాంపు పెట్టాలని మాలో సగం మంది అంటున్నారు. వద్దని సగం మంది. ఇక్కడ ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు, ఊళ్ళలో ఇలాంటివి చూసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఏం చేయమంటారు?

లారీ_ఆఫీసు_యశవంతపుర:

తమ్ముడూ, పెట్టేయండి. ఇందులో ఆలోచించాల్సిందేముంది? ఇరవై రెండేళ్ళుగా లారీల పనిలో ఉన్నాను. బళ్ళు ఆగే చోటే క్యాంపులు పెట్టి మా డ్రైవర్లకి పరీక్షలు చేశారు. ఇద్దరికి ఉందని తేలింది. ఇద్దరూ మాత్రలు వేసుకుంటూ ఇప్పటికీ బండి నడుపుతున్నారు. 2004కి ముందు వేరు. అప్పట్లో మందులు కొనే స్తోమత ఎవరికుంది? ఆ ఏడాది ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచైతే ఒంట్లో బలం తగ్గేదాకా ఆగే పని కూడా లేదు, తేలగానే మందు మొదలు. తెలిస్తేనే కదా మందు? మీవాడికి ఆరు నెలల ముందు తెలిసుంటే ఈపాటికి పనికెళ్తూ ఉండేవాడు.

చెన్నై_ల్యాబ్:

నాదీ అదే మాట. నేను చెన్నైలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, సొంతూరు నగరి దగ్గర. 1986లో మద్రాస్ మెడికల్ కాలేజీలో సునీతి సోలమన్ గారి దగ్గర చదువుతున్న నిర్మల గారు సెక్స్ వర్కర్ల దగ్గర రక్త నమూనాలు తీసుకుని వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి పట్టుకెళ్ళారు. దేశంలో హెచ్‌ఐవీ ఉందని మొదటిసారి తేలింది అక్కడే. ఆ జబ్బు మన దేశానికి రాదని అప్పటిదాకా చాలామంది నమ్మారు. ఆమె సూది పట్టుకుని వెళ్ళకపోతే ఇంకెన్నాళ్ళు నమ్మేవాళ్ళమో. మీ ఊళ్ళోనూ ఇప్పుడు జరుగుతున్నది అదే, "మనవాళ్ళకి రాదులే" అని. వేలి మీద చిన్న పోటు, ఇరవై నిమిషాల్లో కిట్ చెప్పేస్తుంది.

అనంత_చెల్లి:

దయచేసి షామియానా వేయకండి.

పదేళ్ళ కింద మా అమ్మమ్మగారి ఊళ్ళో ఇలాగే బడిలో క్యాంపు పెట్టారు. మంచి మనసుతోనే పెట్టారు, అందులో అనుమానం లేదు. మైకులో పేర్లు పిలిచారు. సాయంత్రానికి అందర్నీ పంపించేసి ముగ్గుర్ని మాత్రం "మీరు రేపు టౌనుకి రండి, ఇంకో పరీక్ష ఉంది" అన్నారు. ఎవరూ ఏ జబ్బు పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పనేముంది? ఆ ముగ్గురూ ఎవరో దీపాలు పెట్టే వేళకి ఊరంతటికీ తెలిసిపోయింది.

టౌనులో మళ్ళీ చేస్తే ఇద్దరికి ఏమీ లేదని వచ్చింది. అందులో ఒకాయన ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి చూపించాడు. అయినా ఆయన కూతురి నిశ్చితార్థం ఆగిపోయింది. మూడో మనిషి మా పిన్ని. బాబాయి అప్పటికే పోయాడు. వీధి కుళాయి దగ్గర తన బిందె పక్కన ఇంకో బిందె పెట్టేవాళ్ళు కాదు. ఆరు నెలలు చూసి బెంగళూరు వచ్చేసింది. బొమ్మనహళ్ళిలో హౌస్‌కీపింగ్ చేస్తోంది, మాత్రలు వేసుకుంటోంది, ఆరోగ్యంగా ఉంది. కానీ తిరునాళ్ళకి కూడా ఊరు వెళ్ళలేదు. లారీ అన్న డ్రైవర్లకి పరీక్ష చేసింది వాళ్ళ ఊళ్ళో కాదు, ఎవరూ ఎరగని రోడ్డు పక్కన. తేడా అదే.

ఐసీటీసీ_కౌన్సెలర్:

క్యాంపు సంగతి తర్వాత. ముందు ఆ అమ్మాయి. ఇంట్లో టీబీతో ఒకరు పోయారంటే మిగతావాళ్ళకి టీబీ పరీక్ష ఎలాగూ చేయించాలి, పిల్లలుంటే వాళ్ళకి కూడా. అది అబద్ధం కాదు, ఊళ్ళో చెప్పుకోడానికి ఇబ్బందీ లేదు. ఆ పని మీద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీకి సలహా, పరీక్ష రెండూ ఉండే కేంద్రంలో, కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టండి. విడిగా, తలుపేసుకుని ఆమెకి చెప్పేది కౌన్సెలరే. పరీక్ష చేయించుకోవాలో వద్దో ఆమె నిర్ణయించుకుంటుంది. మీరు గానీ వాళ్ళ అత్తమామలు గానీ కౌన్సెలర్ కంటే ముందు ఏమీ మాట్లాడకండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

ల్యాబ్ తమ్ముడికి ఒక మాట. ఊళ్ళో వేలి పోటుతో చేసేది వడపోత మాత్రమే. అందులో గీత పడితే "రియాక్టివ్" అంటాం, "పాజిటివ్" అనం. ఐసీటీసీలో మూడు రకాల కిట్లతో చూశాకే ఖాయం చేస్తాం. నీకూ నాకూ ఆ తేడా తెలుసు, కుళాయి దగ్గర నిలబడ్డవాళ్ళకి తెలియదు. 2017లో చేసిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. షామియానా కింద వరసలో నిలబెట్టి "ఒప్పుకున్నావా?" అని అడిగితే, వెనక మేనమామ నిలబడి ఉండగా ఎవరు కాదంటారు?

లారీ_ఆఫీసు_యశవంతపుర:

అక్కా, మీరు చెప్పింది నిజమే. కానీ రహస్యం రహస్యం అంటూ మనమే దాస్తే అది దాచుకోవాల్సిన తప్పని మనమే ఒప్పుకున్నట్టు కాదా? షుగర్‌కి క్యాంపు పెడతాం, దీనికి గుసగుసలు. గుసగుసల వల్లే కదా ఆ కుర్రాడు పోయింది.

మదనపల్లి_88:

పెళ్ళికి ముందు అందరికీ తప్పనిసరి చేస్తే సగం గొడవ వదిలిపోతుంది.

ఐసీటీసీ_కౌన్సెలర్:

వదలదండీ. వైరస్ ఒంట్లోకి వచ్చిన కొత్తలో కొన్ని వారాలు పరీక్షలో కనిపించదు. పెళ్ళయ్యాక వచ్చేదాన్ని ఆ కాగితం ఆపలేదు. ఇద్దరూ ఇష్టపడి చేయించుకుంటే మంచిదే. రూల్ పెడితే దొంగ సర్టిఫికెట్లు వస్తాయి.

పాత_ఏఎన్ఎం:

కె.ఆర్.పురంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళో ప్రభుత్వ నర్సమ్మగా, ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను, అందులో పద్నాలుగేళ్ళు కొండ కింద ఆరోగ్య సబ్‌సెంటరులో. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

"ఎయిడ్స్ గురించి మాట్లాడుకుందాం రండి" అంటే ఎవరూ రారు. ఒకసారి బ్యానరు కట్టి చూశాను. ముగ్గురొచ్చారు, అందులో ఇద్దరు అంగన్‌వాడీ వాళ్ళే. ఆడవాళ్ళు వచ్చేది తెల్లబట్ట అవుతోందని, నడుము లాగేస్తోందని. అది కూడా మొదట చెప్పరు. "తలనొప్పికి మాత్ర ఇవ్వక్కా" అంటారు. మాత్ర చేతిలో పెట్టాక కూడా గడప దగ్గరే నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంటారు. ఆ నిలబడ్డ మనిషిని లోపలికి పిలిచి, పీట వేసి, "భోజనమైందా?" అని అడిగితే అప్పుడు వస్తుంది అసలు మాట.

తెల్లబట్ట అయినంత మాత్రాన జబ్బు కాదు. వాసన, దురద, పొత్తికడుపులో నొప్పి ఉంటే చూపించుకోవాలి. సుఖవ్యాధి ఏదైనా ఉండి మందు పడకపోతే హెచ్‌ఐవీ అంటుకోవడం సులువవుతుంది. ఇదంతా నేను ఉపన్యాసంగా ఎన్నడూ చెప్పలేదు. సుఖవ్యాధుల మందులు రంగు రంగుల డబ్బాల్లో వచ్చేవి. మా ఊరి ఆడవాళ్ళు జబ్బు పేరు పలకకుండా "అక్కా, పచ్చ డబ్బా వచ్చిందా?" అని అడిగేవాళ్ళు. ఆ పేరు వాళ్ళే పెట్టుకున్నారు. పక్కనెవరున్నా అడగగలిగేవాళ్ళు. నా పోస్టర్లన్నిటికంటే ఆ రెండు మాటలే ఎక్కువ పనిచేశాయి.

కొన్నిటికి భర్త కూడా మందు వేసుకోవాలి. "ఆయన బెంగళూరులో ఉన్నాడక్కా, ఉగాదికొస్తాడు" అనేవాళ్ళు. ఈమెకి నయం చేసి పంపిస్తే ఆయన పండక్కి వచ్చి మళ్ళీ అంటించి వెళ్ళేవాడు. నిరోధ్ ఇచ్చి పంపితే "నీకివన్నీ ఎవరు నేర్పారు?" అని చెయ్యి చేసుకున్న మొగుళ్ళున్నారు. దెబ్బలు తిన్న పిల్ల మర్నాడు ఆ పాకెట్టు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు నుంచి నేను ఆడవాళ్ళకి మాత్రమే చెప్పి ఊరుకోవడం మానేశాను. మగవాళ్ళకి చెప్పాల్సిన చోటు మీ సర్జాపూర్ షెడ్లు నాయనా. అక్కడ సాటి మేస్త్రీ చెప్తే వింటారు. కోల్‌కతా సోనాగాచిలో 1992 నుంచి సెక్స్ వర్కర్లే తోటివాళ్ళకి చెప్పి మార్పు తెచ్చారు, డాక్టర్ స్మరజిత్ జానా గారు మొదలుపెట్టిన పని. బయటనుంచి వచ్చిన మనిషి చెప్తే చెవికెక్కదు.

ఇక పరీక్ష. లారీ బాబు అడిగింది న్యాయమైన ప్రశ్న. సిగ్గు పోవాలి, నిజమే. కానీ ఆ సిగ్గు పోగొట్టే బరువు ముందుగా ఆ ముగ్గురి నెత్తిన పెట్టకూడదు. గర్భిణులందరికీ రక్తం శాతంతో పాటు హెచ్‌ఐవీ, సిఫిలిస్ చూస్తాం. అందరికీ చేస్తారు కాబట్టి ఎవరూ ఎవర్నీ వేలెత్తి చూపరు. ఏమీ చేయకపోతే తల్లి నుంచి బిడ్డకి వచ్చే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది, మందులు వాడితే 5 కంటే తక్కువకి దిగుతుంది. ఇది ఏ షామియానా లేకుండానే జరుగుతోంది. మీరూ అదే దారి పట్టండి. ఒక్క రోజు జాతరలా కాదు. సబ్‌సెంటరులో నెలంతా బీపీ, షుగరు, రక్తహీనత చూస్తుంటారు. వాటితో పాటే, ఒక్కొక్కరినీ విడిగా అడిగి, ఒప్పుకుంటే ఇది కూడా. అరవై వేలు షామియానాకీ భోజనాలకీ పోయొద్దు. టౌనుకి రెండోసారి వెళ్ళాల్సినవాళ్ళకి బస్సు ఛార్జీ, పోయిన రోజు కూలి ఇవ్వండి. నా దగ్గర మధ్యలో ఆగిపోయినవాళ్ళలో ఎక్కువమంది భయంతో ఆగలేదు, నాలుగు వందల కూలి పోతుందని ఆగారు.

రిటైర్డ్_సైన్సు_పంతులు:

ఇరవై ఏళ్ళ కింద "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని ఊరూరా బోర్డులు పెట్టారు. ప్రశ్న ఇప్పటికీ అందరికీ గుర్తుంది, ఎలా వస్తుందో ఎలా రాదో అడిగితే సగం మంది చెప్పలేరు. బడిలో ప్రత్యుత్పత్తి పాఠం వస్తే "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేసిన సార్లని నేను చూశాను. నేనూ కొన్నేళ్ళు అలాగే దాటేశాను, దానికి ఇప్పటికీ బాధపడుతున్నాను. 2007లో కర్ణాటకతో సహా కొన్ని రాష్ట్రాలు బళ్ళలో ఈ చదువే వద్దన్నాయి. మీ ఊళ్ళో ఈ ఏడాది పది పాసయ్యే పిల్లల్లో ఎంతమంది వచ్చే ఏడాది మీ షెడ్లకొస్తారో లెక్కేయండి. వాళ్ళతో బస్సెక్కకముందే మాట్లాడాలి.

కొత్త_ఐడీ_41:

ఇది రాయడానికే ఈ ఐడీ తెరిచాను. నాకు హెచ్‌ఐవీ ఉంది. బెంగళూరులోనే, బౌరింగ్ ఆసుపత్రిలో మందులు తీసుకుంటున్నాను. రాత్రి అన్నం తిన్నాక ఒక్క మాత్ర. రక్తంలో వైరస్ పరీక్షకి దొరకనంత తగ్గిపోయింది. అలా తగ్గి ఉన్నన్నాళ్ళూ కలయిక వల్ల ఇంకొకరికి అంటదని డాక్టరు చెప్పారు. నా భార్యకి లేదు. ఆ తర్వాత పుట్టిన మా పాపకీ లేదు.

అన్నా, మీ షెడ్లకి రమ్మంటే వస్తాను. మీ ఊరికైనా వస్తాను. జనం ముందు నిలబడి నా జబ్బు గురించి చెప్తాను. మా ఊళ్ళో మాత్రం చెప్పలేను. మా అమ్మ ఇంకా అక్కడే ఉంది. ఆమె చేతి మంచినీళ్ళు నలుగురూ తాగుతూ ఉండాలి.

లారీ_ఆఫీసు_యశవంతపుర:

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నేను ఇంకా క్యాంపు వైపే, దాచే కొద్దీ మనుషులు పోతారు. కానీ వాళ్ళ ఊళ్ళో పెట్టమని ఇక అనను.

కదిరి_టు_మారతహళ్లి:

అందరికీ దండాలు. నిన్న ఆదివారం షెడ్డు దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం. షామియానా మానేశాం. ఇక్కడ నెలకో ఆదివారం షెడ్లలో మాట్లాడటానికి ఇద్దరు మేస్త్రీలు ఒప్పుకున్నారు. కొత్త_ఐడీ తమ్ముడికి విడిగా మెసేజ్ పెట్టాను. డబ్బు ఛార్జీలకీ కూలికీ. మా వాళ్ళలో నలుగురికి ఇది నచ్చలేదు, "సంక్రాంతికి ఏమీ కనిపించదు కదా" అని అలిగారు. ఊళ్ళో ఆశా అక్కకి ఫోన్ చేసి ఏం కావాలని అడిగాను. పోస్టర్లు అడుగుతుందనుకున్నాను. "ఒక తలుపున్న గది చూపించు నాయనా" అంది. సబ్‌సెంటరులో గోనెపట్టా కట్టుకుని నెట్టుకొస్తున్నారట. పంచాయతీ పాత గది ఒకటి ఖాళీగా ఉంది, అడుగుతున్నాం.

ఆ అమ్మాయినీ పిల్లలిద్దర్నీ మా వదిన టౌనుకి తీసుకెళ్ళింది. కౌన్సెలర్ గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడిందట. ఏం తేలిందో వదిన చెప్పలేదు, నేను అడగలేదు.

పాత_ఏఎన్ఎం:

ఆ గది తలుపుకి లోపలివైపు గడియ ఉందో లేదో చూడు నాయనా. మా సబ్‌సెంటరుకి బయటివైపే ఉండేది.