నిమ్మ ఉప్పు వేయగానే కర్‌క్యుమిన్ ఎమల్షన్ విరుగుతోంది

ఎంఫార్మ్_యలహంక:
పసుపులోని రంగు పదార్థం కర్‌క్యుమిన్‌ని తాగే మందుగా ఇవ్వడానికి ఎమల్షన్ (నూనెని నీళ్లలో సన్న బొట్లుగా కలిపిన ద్రవం) చేస్తున్నాను. 100 మి.లీ.కి పొద్దుతిరుగుడు నూనె 10 గ్రాములు, వే ప్రొటీన్ ఐసొలేట్ (పాలు విరిచాక మిగిలే నీళ్ల నుంచి తీసిన ప్రొటీన్) 2 గ్రాములు, కర్‌క్యుమిన్ 200 మి.గ్రా. నీళ్లు ల్యాబ్ కుళాయివి, అంటే బోరువే. ప్రోబ్ సోనికేటర్ (శబ్ద తరంగాలతో నూనెని సన్న బొట్లు చేసే పరికరం) ఆపకుండా 10 నిమిషాలు. రుచికి నిమ్మ ఉప్పు వేస్తే పీహెచ్ 5 దగ్గర పాలు విరిగినట్టు విరుగుతోంది. వేయకపోయినా మర్నాటికి సీసా అడుగున పసుపు పొడి. ఎక్కడ తప్పుతోంది?

తేటనూనె:
రెండూ వేర్వేరు జబ్బులండి. పీహెచ్ 5 దగ్గర వే ప్రొటీన్ మీద నికర ఆవేశం సున్నా. బొట్లని ఎడంగా ఉంచేది ఆ ఆవేశమే కాబట్టి గుంపు కడతాయి. 3 దగ్గర ధనావేశం వచ్చి మళ్లీ నిలబడతాయి. అందుకే ఎమల్షన్‌లో ఆమ్లం చుక్కలుగా వేయకండి. నిమ్మ ఉప్పు ద్రావణాన్ని జోరుగా తిప్పుతూ అందులోకే ఎమల్షన్ పోయండి, ప్రతి బొట్టూ 5ని క్షణంలో దాటేస్తుంది. చివరికి 3–3.5 ఉండాలి. 4–5 మధ్యే కావాలంటే తుమ్మజిగురుకి మారండి. కాకపోతే అది ఇంచుమించు నూనెంత పడుతుంది.

అడుగు పొడి కరగని కర్‌క్యుమినే. గ్రాము నూనెలో కరిగేది కొద్ది మిల్లీగ్రాములు, మీరు 20 పెట్టారు. వేడిలో కరిగినట్టుండి చల్లారాక స్ఫటికాలవుతుంది. మొత్తం 20 మి.గ్రా.తో మొదలెట్టండి: 60 డిగ్రీల దగ్గర వెలుతురు తగలకుండా తిప్పి, చల్లార్చి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన నూనే వాడండి. అందులో ఎంతుందో క్లోరోఫాంలో కలిపి 420 నానోమీటర్ల దగ్గర కొలవండి. అది తేలకుండా మోతాదు రాయడం దండగ.

మంచుగిన్నె:
ముందు ఆ బోరు నీళ్లు మానండి. కాల్షియం బొట్లని అతికించేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ప్రొటీన్ రాత్రంతా ఫ్రిజ్‌లో నాననివ్వండి. సోనికేటర్ 5 సెకన్లు నడిపి 5 ఆపండి, బీకర్ మంచులో పెట్టి. 70 డిగ్రీలు దాటితే ప్రొటీన్ గడ్డకడుతుంది. ప్రోబ్ మొన గుంటలు పడి ఉంటే టైటానియం రజను మందులోకి దిగుతుంది, అదీ చూసుకోండి.

ఎంఫార్మ్_యలహంక:
థాంక్స్ అండి. ఎక్కువ కర్‌క్యుమిన్ పట్టడానికి ఎంసీటీ (మధ్యస్థ గొలుసు కొవ్వు) నూనెకి మారనా? కెరోటిన్ పేపర్లన్నీ పొడవు గొలుసు నూనెలే మేలంటున్నాయి.

తేటనూనె:
కెరోటిన్ పొడవాటి అణువు, ఎంసీటీ అరిగాక వచ్చే చిన్న మిసెల్స్‌లో (అరిగిన కొవ్వుని నీళ్లలో మోసే సూక్ష్మ గుంపులు) ఇమడదు. కర్‌క్యుమిన్‌కి ఆ ఇబ్బంది తక్కువ, పైగా ఎంసీటీలో ఎక్కువ కరుగుతుంది. మారండి. అయినా రెండు నూనెలకీ లైపేజ్ (కొవ్వుని అరిగించే ఎంజైమ్), పైత్య లవణాలతో 37 డిగ్రీల దగ్గర 2 గంటలు అరిగించి, మిసెల్ పొరలో మిగిలింది కొలవండి. బొట్టు సైజు ఒక్కటే చూపిస్తే గైడ్ ఒప్పుకోరు.