డిస్పోజల్ బండి బంపర్ మీద పాత నంబర్: అది మూడా, ఎనిమిదా?

నాగావళి ఒడ్డు, రాయగడ:
అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం నాలుగింటికి బండి ముందు కూర్చున్నాను, రాత్రి పదకొండున్నర దాకా లేవలేదు. ఇది మిలిటరీ డిస్పోజల్ బండి, మా చిన్నాన్న దగ్గర్నుంచి నాకు వచ్చింది. ఎవరో దాని మీద ముదురు పచ్చ రంగు దిట్టంగా కొట్టేశారు. ఆ రంగు కింద రేకు స్టెన్సిల్‌తో కొట్టిన తెల్ల అక్షరాలు ఉన్నాయి. ముందు బంపర్ గీకుతూ పోతే పైకి చూసే బాణం గుర్తు, 7, పక్కన సగం అంకె, ఆ తర్వాత బి అక్షరం, ఆపైన వరసగా అంకెలు బయటపడ్డాయి. ఆ సగం అంకె 3 అవుతుందో 8 అవుతుందో తేలడం లేదు. కుడివైపు వంపులు రెండూ బాగున్నాయి, ఎడమవైపు ఏమీ లేదు. చేతులు బొబ్బలెక్కాయి, ఇంకెలా గీకాలో అర్థం కావడం లేదు. ఆగస్టు 15కి మా ఊరి స్కూల్ గ్రౌండ్‌లో పెడతానని హెడ్‌మాస్టారుకి మాటిచ్చాను. తప్పు నంబర్ మాత్రం రాయను. దయచేసి ఎవరైనా చెప్పండి.

సిరొంచ జీపులు:
ఏం బండి?

గుణుపురం గ్యారేజ్:
ఫోటో ఏది? దేంతో గీకారు?

నాగావళి ఒడ్డు, రాయగడ:
క్షమించాలి, జోంగా, ఆర్మీ వాడిన జీపు లాంటి బండి. ముందు పెయింట్ రిమూవర్ కొంచెం పూశాను, తర్వాత 80 నంబర్ ఎమరీ పేపర్ పెట్టాను. ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు, ఫోటో పైకి పోవడం లేదు.

సిరొంచ జీపులు:
80 పేపర్ వెంటనే ఆపండి. రిమూవర్ డబ్బాకి మూత పెట్టేయండి.

గుణుపురం గ్యారేజ్:
జోంగా అన్నారు కాబట్టి చెప్తున్నాను, ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చాలామందికి తెలియదు. జబల్పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్‌క్యారేజ్ అసెంబ్లీ, ఈ మాటల మొదటి అక్షరాలు కలిపితే జోంగా. అసలు డిజైన్ జపాన్‌ వాళ్ల నిస్సాన్ పాట్రోల్ పీ60. జబల్పూర్ వెహికిల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా తయారైంది. నిస్సాన్ వన్ టన్ కూడా అక్కడిదే. శక్తిమాన్ లారీ కూడా అక్కడిదే, కానీ దాని డిజైన్ జర్మనీ ఎంఏఎన్ కంపెనీది. జోంగాకి ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, 3956 సీసీ. ఆ ఇంజన్ నడుస్తుంటే బానెట్ మీద రూపాయి బిళ్ల నిలబెట్టినా పడదని మా గ్యారేజ్‌లో పెద్దాయన అనేవారు. మైలేజీ రాదని జనం దాన్ని తీసేసి డీజిల్ ఇంజన్ వేయిస్తున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మీ దాంట్లో ఏ ఇంజన్ ఉంది?

నాగావళి ఒడ్డు, రాయగడ:
డీజిల్ వేయించారండీ, నాకంటే ముందే. కానీ నా ప్రశ్న నంబర్ గురించి.

బరంపురం వకీలు:
నంబర్ కన్నా ముందు ఒక సంగతి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989, నియమం 121 చదవండి. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. ప్రైవేటు బండికి ఆ రంగు వేసి రోడ్డెక్కితే పోలీసులు ఆపుతారు, ఆపడం న్యాయం కూడా. మిలిటరీ నంబర్ రాసుకుని తిరగడం ఇంకా ప్రమాదం. రెండోది, ఆర్మీ వేలం బండిని సివిల్‌లో రిజిస్టర్ చేయాలంటే నియమం 47 ప్రకారం ఫారం 21లో ఒరిజినల్ సేల్ సర్టిఫికెట్ కావాలి. మీ దగ్గర ఉందా? మూడోది, ఇంజన్ మార్చారంటున్నారు. 1988 చట్టంలో సెక్షన్ 52 ప్రకారం ఆ మార్పు ఆర్సీలోకి ఎక్కాలి. ఈ మూడూ చూసుకోకుండా స్టెన్సిల్ గురించి తాపత్రయపడటం పునాది లేకుండా గోడకి సున్నం కొట్టడం.

నాగావళి ఒడ్డు, రాయగడ:
ఆర్సీ ఉందండీ, ఓడీ 18 నంబర్, చిన్నాన్న పేరు మీద. బండి మొత్తానికి తెల్ల రంగు వేయిస్తున్నాను. పాత నంబర్ని డ్యాష్‌బోర్డ్ లోపలివైపు చిన్నగా రాసి ఉంచాలని నా కోరిక. బయట రాయను.

సిరొంచ జీపులు:
అది మంచి పని. మా గడ్చిరోలి వైపు పచ్చ జీపుతో వెళ్తే చెక్‌పోస్టు దగ్గర గంట పోతుంది. నాకు రెండుసార్లు అయింది.

జయపురం బోర్డు ఆర్టిస్ట్:
తమ్ముడూ, నేను నలభై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నాను. రేకు కోసి లారీల మీద నంబర్లు కొట్టినవాణ్ణి. నీ 3, 8 గొడవకి జవాబు బంపర్ మీదే ఉంటుంది, ఓపికగా విను.

రేకులో అంకె కోసేటప్పుడు 8ని మొత్తం కోసేస్తే దాని కడుపులో ఉన్న రెండు ముక్కలూ ఊడి కిందపడతాయి. అవి నిలబడాలంటే చుట్టూ ఉన్న రేకుకి సన్నని పట్టీ వదలాలి. రంగు కొట్టాక ఆ పట్టీ ఉన్న చోట ఖాళీ మిగులుతుంది. మామూలుగా అది 8కి పైన నడిమధ్యలో ఒకటి, కింద నడిమధ్యలో ఒకటి ఉంటుంది. 0, 6, 9, ఎ, బి, డి లాంటి మూసుకున్న ఆకారాలన్నిటికీ ఇంతే. 3కి మూసుకున్న కడుపు లేదు కాబట్టి పట్టీ అక్కర్లేదు. నీ సగం అంకెకి పైకొన దగ్గరా, కిందికొన దగ్గరా తెల్లరంగు ఎలా ఆగిందో చూడు. కత్తితో కోసినట్టు నిలువుగా ఆగిందా? అయితే అది పట్టీ, అంటే 8. గరుకుగా, చిరుగుల్లా ఆగిందా? అయితే నీ 80 పేపర్ తినేసిందన్నమాట.

ఇంకో మాట. కొందరు రేకు కోసేవాళ్లు అన్ని అంకెలూ ఒకేలా కనబడాలని 3కి కూడా పట్టీ పెడతారు. కాబట్టి అదే నంబర్లో ఖాయంగా 3 అని తెలిసిన అంకె ఇంకొకటి ఉంటే దాన్ని పక్కన పెట్టి చూడు. ఒక రేకు సెట్‌తోనే మొత్తం కొట్టి ఉంటారు.

పర్లాకిమిడి హవల్దార్:
బాబూ, నేను ఈఎంఈలో, అంటే ఆర్మీ బండ్ల మరమ్మతు విభాగంలో చేసి రిటైరయ్యాను. ఆర్టిస్ట్ గారు చెప్పింది నిజం. దాని కంటే తేలికది ఒకటుంది, ఎవరూ చెప్పలేదు. బీఏ నంబర్, అంటే నువ్వు గీకుతున్న ఆ ఆర్మీ నంబర్, ముందొక్కటే ఉండదు, వెనక కూడా ఉంటుంది. వెనక బంపర్ చూశావా? ముందుది చెడగొట్టుకున్నా వెనకది మిగిలి ఉండొచ్చు.

బాణం తర్వాత రెండంకెలు బండి ఆర్మీలో చేరిన సంవత్సరం. అంటే నీది 73 గానీ 78 గానీ. తర్వాతి అక్షరం కోడు, ఆపైన వరుస సంఖ్య, చివర ఇంకో అక్షరం ఉంటుంది. అది కూడా దొరికిందో లేదో చూసుకో.

గుణుపురం గ్యారేజ్:
బీఏ అంటే బ్రిటిష్ ఆర్మీ కదా మాస్టారూ? స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ పేరెందుకు ఉంచారో.

పర్లాకిమిడి హవల్దార్:
కాదు బాబూ. బీఏ అంటే బ్రాడ్ యారో, ఆ బాణం గుర్తే. సర్కారు సామాను దొంగతనంగా అమ్ముకోకుండా బ్రిటిష్ వాళ్లు వందల ఏళ్ల కిందట పెట్టిన ముద్ర అది. వాళ్లు పోయినా ముద్ర మన దగ్గర ఉండిపోయింది. చాలామంది బ్రిటిష్ ఆర్మీ అనే అనుకుంటారు.

గుణుపురం గ్యారేజ్:
మరి నేను విన్నది తప్పేనన్నమాట. డిపోలో పనిచేసిన ఒకాయనే చెప్పాడు నాకు.

బరంపురం వకీలు:
పేరు ఏదైనా అది రిజిస్ట్రేషన్ నంబరే. 1988 చట్టంలో సెక్షన్ 60 కింద రక్షణ అవసరాల బండ్లకి వేరే అధికారి ఇచ్చే రిజిస్ట్రేషన్. బండి ఆ పని నుంచి తప్పుకున్నాక ఆ నంబర్‌కి రోడ్డు మీద విలువ లేదు.

పర్లాకిమిడి హవల్దార్:
రోడ్డు మీద విలువ లేదు సరే. ఆ బండిని నడిపినవాళ్లకి ఉంది.

నాగావళి ఒడ్డు, రాయగడ:
మాస్టారూ, వెనక చూడాలని తట్టనే లేదు. వెనక బంపర్ మీద పచ్చరంగు అలాగే ఉంది, ఇంకా ముట్టలేదు. ఇంకో రెండు సందేహాలు. చక్రాల మీద మడ్‌గార్డ్‌కి టీపీ అని, పక్కన అంకెలు ఉన్నాయి. అది రెజిమెంట్ పేరా? ముందు ఎడమవైపు పసుపు వృత్తంలో నల్లటి 3 ఉంది. అదేంటి?

పర్లాకిమిడి హవల్దార్:
టీపీ రెజిమెంట్ కాదు, టైర్ ప్రెషర్. డ్రైవరు వంగి చూసుకుని గాలి కొట్టుకోవడానికి ఏ చక్రానిది ఆ చక్రం మీదే రాస్తారు. పసుపు వృత్తం వంతెన క్లాసు. బండి మీద ఎంత అంకె ఉందో అంత గానీ, అంతకంటే పెద్ద అంకె గానీ ఉన్న వంతెన ఎక్కొచ్చు. వంతెన అంకె చిన్నదైతే ఎక్కకూడదు. ఆ అంకె దాదాపు లోడుతో కలిపి టన్నుల లెక్కకి దగ్గరగా ఉంటుంది. అందుకే జోంగాకి 3 కుదురుతుంది, 8 కుదరదు. అక్కడ మూడా ఎనిమిదా అని మళ్లీ కంగారుపడకు.

జయపురం బోర్డు ఆర్టిస్ట్:
వెనక బంపర్ జోలికి వెళ్లే ముందు పైరంగు ఏ రకమో తేల్చుకో. ఒక మూలన దూదికి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ అద్ది రుద్ది చూడు. రంగు దూదికి దిగితే అది ఎన్‌సీ. ముడతలు పడి లేస్తే సింథటిక్ ఎనామిల్. ఏమీ కాకపోతే పీయూ (పాలీయూరిథేన్). ఏదైనా సరే, స్టెన్సిల్ ఉన్న చోట మాత్రం థిన్నర్ వద్దు, కింది తెలుపు కూడా కరిగిపోతుంది. 800 వాటర్ పేపర్, సబ్బునీళ్లు, చిన్న చెక్కముక్కకి చుట్టి అరచేయంత మేర గుండ్రంగా, మెత్తగా రుద్దు. నాలుగు రుద్దులకోసారి తుడిచి చూడు. రంగు పొరలు చెరుకు గడ కణుపు దగ్గర గీతల్లా ఒకదాని చుట్టూ ఒకటి కనబడతాయి. తెలుపు తొంగి చూడగానే 1000 పేపర్‌కి మారు. పాత రంగుల్లో సీసం ఉంటుంది, పొడిగా గీకవద్దు. గీకిన నీళ్లు కూరగాయల మొక్కల్లో పోయకు.

గీకకుండానే చదివే దారీ ఉంది. చీకటి పడ్డాక టార్చిని బంపర్‌కి ఆనించి పక్కనుంచి వెలుతురు వెయ్యి. ఎన్ని కోట్లు కొట్టినా స్టెన్సిల్ అంచు గోరుకి తగిలేంత ఎత్తుగా ఉంటుంది, ఆ నీడ తెలుస్తుంది. ముందు అది చూసి బటర్ పేపర్ పెట్టి పెన్సిల్‌తో దించుకో. తర్వాతే వాటర్ పేపర్.

సిరొంచ జీపులు:
టార్చి పద్ధతి పనిచేస్తుంది. నా జీపు బానెట్ మీద నంబర్ అలాగే చదివాను.

నాగావళి ఒడ్డు, రాయగడ:
ఇప్పుడే టార్చి పెట్టి చూశాను! వెనక నంబర్ మొత్తం కనబడింది. ఇంకా ఒక్క రుద్దు కూడా రుద్దలేదు. నంబర్ పక్కన చిన్న చతురస్రం అంచు కూడా తెలిసింది. ముందు బంపర్ మీద అదే చోట రిమూవర్ పోసినప్పుడు పైన ఎరుపు, కింద నీలం మెరిసినట్టు గుర్తు.

గుణుపురం గ్యారేజ్:
ఎరుపు, నీలం అంటే ఆర్టిలరీ, ఫిరంగి దళం. అంటే గోపాల్‌పూర్ నుంచే వచ్చి ఉంటుంది, అక్కడ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది కదా. మన పక్కనే.

పర్లాకిమిడి హవల్దార్:
పైన ఎరుపు, కింద నీలం ఉంటే ఆర్టిలరీ అన్నది నిజమే, బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న పద్ధతి. పైన తెలుపు, కింద నీలం అయితే సిగ్నల్స్, అంటే వైర్‌లెస్, ఫోన్లు చూసే దళం. కానీ దాన్నిబట్టి గోపాల్‌పూర్ అనకూడదు. వేలంలో కొన్న బండ్లు దేశమంతా తిరుగుతాయి, కొన్నవాడు ఇంకొకడికి అమ్ముతాడు. చతురస్రంలో అంకె దొరికితే అది యూనిట్‌ది, దాన్ని టాక్ సైన్ అంటాం. బీఏ నంబర్ బండితోనే చివరిదాకా ఉంటుంది. టాక్ సైన్ అలా కాదు, బండి యూనిట్ మారితే మళ్లీ రాస్తారు. అందుకే దాని కింద ఇంకో రంగు ఉండొచ్చు, తొందరపడి గీకేయకు.

బరంపురం వకీలు:
ఫారం 21 విషయం జవాబు రాలేదు.

జయపురం బోర్డు ఆర్టిస్ట్:
డ్యాష్‌బోర్డ్ లోపల రాస్తానన్నావు కదా. బటర్ పేపర్ మీద దించింది పాత ఎక్స్‌రే ఫిల్మ్ మీద పెట్టి కొత్త బ్లేడుతో కోయి. పట్టీలు ఎక్కడున్నాయో అక్కడే వదులు, అవి కూడా ఆ నంబర్లో భాగమే. కొట్టేటప్పుడు బ్రష్ లాగకు, స్పాంజి ముక్కతో అద్దు. స్పాంజిని ముందు పేపర్ మీద అద్ది, తడి దాదాపు పోయాకే ఫిల్మ్ మీద పెట్టు. రంగు ఎక్కువైతే ఫిల్మ్ కిందికి పాకి అంచులు పాడవుతాయి. మ్యాట్ తెలుపు వాడు, మెరిసేది వద్దు.

నాగావళి ఒడ్డు, రాయగడ:
78. వెనక నంబర్లో ఆ అంకెకి పైనా కిందా పట్టీలు స్పష్టంగా ఉన్నాయి. నాలుగో అంకె ఖాయంగా 3, దానికి లేవు. ముందుది కూడా మళ్లీ చూశాను, తెలుపు కోసినట్టే ఆగింది, నిన్న ఏడు గంటలు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎక్స్‌రే ఫిల్మ్ కోసం రేపు బజారుకి వెళ్తున్నాను. థాంక్స్ అందరికీ.

జయపురం బోర్డు ఆర్టిస్ట్:
ఆ 8 దించిన బటర్ పేపర్ పారేయకు తమ్ముడూ. ఒక కాపీ నాకూ పంపు, ఆ పట్టీ ఎంత వెడల్పు వదిలారో చూడాలి.

గుణుపురం గ్యారేజ్:
పాత పెట్రోల్ ఇంజన్ చిన్నాన్న గారి ఇంటి దగ్గరే ఉందా, అమ్మేశారా?